గేటు స్తంభం మీది కెమెరాకు కరెంటు ఎలా ఇవ్వాలి? వాన పడితే గేటు జివ్వుమంటోంది

గేటుకాపరి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ప్రశ్న కొంచెం పొడవు, ఓపిక పట్టండి.

మా ప్రహరీ గేటు స్తంభం మీద ఒక భద్రతా కెమెరా పెట్టాను. వైఫై కెమెరా. వెనక నుంచి తోక లాంటి తీగ వస్తుంది, దాని చివర రెండు కొసలున్నాయి: ఒకటి 12 వోల్టుల గుండ్రటి పిన్ను పెట్టేది, రెండోది నెట్‌వర్క్ తీగ పెట్టేది. రెండోదాన్ని నేను వాడటం లేదు. కెమెరా అడుగున అంటించిన చీటీ మీద 12 వోల్టుల డీసీ, గరిష్ఠంగా 7 వాట్లు అని ఉంది. దానితో వచ్చిన అడాప్టర్ 12 వోల్టులు, 1 ఆంపియర్.

హాల్లోని సాకెట్ నుంచి గేటు స్తంభం దాకా తీగ వెళ్లే దారి కొలిస్తే 22 మీటర్లు వచ్చింది. మొదట అడాప్టర్‌ను హాల్లోనే ఉంచి, ఇంట్లో పడి ఉన్న పాత టెలిఫోన్ తీగతో 12 వోల్టులను గేటు దాకా తీసుకెళ్లాను. పగలంతా బాగానే పనిచేసేది. చీకటి పడగానే కెమెరా ఆగిపోవడం, మళ్లీ లేవడం, మళ్లీ ఆగిపోవడం. వారం రోజులు వైఫైని తిట్టుకున్నాను. తరువాత తీగ పొడవు ఎక్కువైందేమో అనిపించింది. కిటికీ సందులోంచి ఎక్స్‌టెన్షన్ తీగను బయటికి తీసి, గోడ వెంబడి నడిపించి, స్తంభం వెనక ఒక ప్లాస్టిక్ డబ్బాలో దాని సాకెట్‌నూ అడాప్టర్‌నూ కలిపి పెట్టాను. పైన పాలిథిన్ కవరు చుట్టి టేపు వేశాను. రాత్రి సమస్య పోయింది. నాలుగు నెలలు నిశ్చింతగా ఉన్నాను.

మొన్న రాత్రంతా వాన. పొద్దున గేటు గొళ్లెం మీద చేయి వేస్తే జివ్వుమంది. పెద్ద షాక్ కాదు, చీమలు పాకినట్టు. మెయిన్ బోర్డులో ఏ స్విచ్చూ పడలేదు. మధ్యాహ్నానికి ఎండ వచ్చాక మళ్లీ ముట్టుకుంటే ఏమీ లేదు. దొంగల భయంతో పెట్టిన కెమెరా ఇంట్లోవాళ్లకే గండమైతే కంచే చేను మేసినట్టే కదా.

ఆ డబ్బాకు చుట్టూ సిలికాన్ పూసి గాలి కూడా దూరకుండా మూసేస్తే సరిపోతుందా? లేక మొత్తం పద్ధతే మార్చాలా?


పాత వైర్‌మన్

ముందు ఒక పని చేసి వచ్చి మిగతాది చదవండి. ఆ ఎక్స్‌టెన్షన్ ప్లగ్గును చేత్తో లాగకండి. మెయిన్ బోర్డు దగ్గరికి వెళ్లి, హాలు సాకెట్లకు వెళ్లే ఎంసీబీని, అంటే కరెంటు మితిమీరితే తానే పడే స్విచ్చును, దించండి. ఏది ఎక్కడికి వెళ్తుందో తెలియకపోతే మెయినే ఆపేయండి. తరువాత పొడి చేతులతో, కాళ్లకు చెప్పులతో హాల్లో ప్లగ్గు తీయండి. గేటు దగ్గరికి ఎవరినీ వెళ్లనివ్వకండి. ఎండ వచ్చాక ఏమీ లేదన్నారు. ఎండ గోడను ఆరబెట్టింది, అంతే. లోపం డబ్బాలో అలాగే కూర్చుని ఉంది.

మీ డబ్బా సంగతి. సిలికాన్ పూస్తే సరిపోతుందా అని మీరొక్కరే అడగలేదు, నా ముప్పై ఏళ్ల పనిలో ప్రతి రెండో ఇంట్లోనూ విన్నాను. ఒకసారి ఒక తోట దీపం బాక్సును అలాగే నాలుగు వైపులా పూసేసి ఉంచారు. విప్పితే లోపల అర గ్లాసు నీళ్లు. వాన లోపలికి వెళ్లలేదండీ. పగలు వేడికి లోపలి గాలి వ్యాకోచించి ఏ సన్న సందులోంచో కొంత బయటికి పోతుంది, రాత్రి చల్లబడి కుంచించుకున్నప్పుడు తడి గాలిని లోపలికి పీలుస్తుంది. ఆ తేమ చల్లటి గోడల మీద చెమటలా పట్టి అడుగున చేరుతుంది. వెళ్లడానికి దారి లేదు. చుక్క చుక్కగా చేరి అర గ్లాసు అయింది. పూర్తిగా మూసిన డబ్బా కన్నా, పైనా పక్కలా మూసి అడుగున చిన్న రంధ్రం ఉన్న డబ్బా మేలు. పాలిథిన్ కవరు ఇంకా అన్యాయం, అది వానను ఆపదు, తేమను పొదుగుతుంది.

ఇక ఎంసీబీ ఎందుకు పడలేదు? ఎంసీబీ కాపాడేది తీగను, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ పడాలంటే 16కు మించి ఆంపియర్లు పారాలి. తడి గోడ గుండా మీ గేటుకు చేరిన కరెంటు అందులో పదివేలో వంతు ఉండి ఉంటుంది, మనిషికి ముప్పు తేవడానికి అంతకు కొద్ది రెట్లు పెరిగితే చాలు. దాన్ని పట్టుకునేది ఆర్‌సీసీబీ. ఫేజు తీగలో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది ఎప్పుడూ సరిచూస్తూ ఉంటుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే సెకనులో మూడో వంతు లోపే కట్ చేయాలి. బోర్డులో టెస్ట్ అని రాసిన బొత్తాం ఉన్న స్విచ్చు ఏదైనా ఉందా చూడండి. ఉంటే నొక్కండి, టక్కున పడాలి. లేకపోతే కెమెరా సంగతి తరువాత, ముందు అది పెట్టించుకోండి. అది మీరు చేసుకునే పని కాదు, లైసెన్సు ఉన్న మనిషిని పిలవండి.

పద్ధతి మార్చాలా అన్నారు. మార్చాలి. గోడ సాకెట్ కరెంటు ఇంటి గోడ దాటి బయటికి వెళ్లకూడదు. మీ కెమెరాకు 12 వోల్టులు చాలు. ఆ 12 వోల్టులను సరిగ్గా గేటు దాకా చేర్చడమే మీ అసలు సమస్య. మీరు దాన్ని పరిష్కరించకుండా, దాన్ని తప్పించుకోవడానికి మెయిన్స్‌నే గేటు దగ్గరికి నడిపించారు.


టంకం డబ్బీ

వైర్‌మన్ గారు కొంచెం ఎక్కువ భయపెట్టారేమో. ఇలాంటి అడాప్టర్లలో మెయిన్స్ వైపుకూ 12 వోల్టుల వైపుకూ మధ్య ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది, రేడియో అల్లరి తగ్గించడానికి. రెండు పిన్నుల అడాప్టర్ అయితే ఎర్తింగ్ ఉండదు కాబట్టి, ఆ కెపాసిటర్ గుండా అతి స్వల్పమైన కరెంటు బయటి వైపుకు చేరుతుంది. లోహపు ఒళ్లు ఉన్న లాప్‌టాప్‌ను చార్జింగ్‌లో ఉండగా ముట్టుకుంటే జిలజిలమనేది అందుకే. మిల్లీ ఆంపియర్‌లో చిన్న భాగం. కెమెరా లోహపు క్లాంపు గేటుకు తగులుతూ ఉంటే ఇదే కావచ్చు, ప్రమాదం లేదు. నియాన్ టెస్టర్ పెట్టినా వెలుగుతుంది.


పాత వైర్‌మన్

టంకం డబ్బీ గారూ, మీరు చెప్పిన కెపాసిటర్ సంగతి నిజమే, కాదనను. కానీ ప్రశ్న మళ్లీ చదవండి. కెపాసిటర్ జివ్వు అయితే ఎండలోనూ ఉంటుంది, వానలోనూ ఉంటుంది, నాలుగు నెలల క్రితం మొదటి రోజూ ఉండాలి. ఇది వాన రాత్రి పుట్టి మధ్యాహ్నం ఎండకు పోయింది. వానతో వచ్చి వానతో పోయేది నీళ్ల దారి.

నియాన్ టెస్టర్ ఆ రెండింటికీ ఒకేలా వెలుగుతుంది, కాబట్టి దాని మాట ఇక్కడ సాక్ష్యానికి పనికిరాదు. జివ్వుమన్నది ఏదైనా సరే, అది ప్రమాదం లేని రకమని కొలిచి తేలేదాకా ప్రమాదకరమైనదనే అనుకోవాలి. పొరపాటున మీరు అనుకున్నదే అయితే పోయేదేమీ లేదు, ఒక పూట కెమెరా ఆగుతుంది.


టంకం డబ్బీ

వానకూ ఎండకూ తేడా ఉందన్న ముక్క నేను సరిగా గమనించలేదు. ఒప్పుకుంటున్నాను, ఆపేయడమే సరైనది.

తప్పు దిద్దుకోవడానికి ఒక లెక్క చేసి పెట్టాను. పాత టెలిఫోన్ తీగ పోగు సాధారణంగా అర మిల్లీమీటరు మందం ఉంటుంది. అలాంటి రాగి పోగుకు మీటరుకు 0.084 ఓములు. 22 మీటర్లు వెళ్లి, 22 మీటర్లు తిరిగి రావాలి, మొత్తం 44 మీటర్లు, అంటే సుమారు 3.7 ఓములు. పగలు కెమెరా 3 వాట్లే తీసుకుంటుందనుకుందాం, కెమెరా దగ్గర దాదాపు 11 వోల్టులు మిగులుతాయి, అది భరిస్తుంది. చీకటి పడగానే పరారుణ దీపాలు వెలుగుతాయి, వాడకం 7 వాట్లకు పోతుంది. ఇక్కడ ఒక చిక్కుంది: వోల్టేజీ తగ్గేకొద్దీ కెమెరా అదే 7 వాట్ల కోసం ఇంకా ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది, దానివల్ల తీగలో ఇంకా ఎక్కువ నష్టం. లెక్క చివరికి 9.2 వోల్టుల దగ్గర నిలుస్తుంది. చాలా కెమెరాలు అక్కడికి రాకముందే చేతులెత్తేస్తాయి. ఆగిపోతే దీపాలు ఆరుతాయి, వోల్టేజీ పైకి లేస్తుంది, కెమెరా లేస్తుంది, దీపాలు వెలుగుతాయి, మళ్లీ పడుతుంది. మీరు వారం రోజులు తిట్టిన వైఫైకి పాపం ఇందులో ఏ పాత్రా లేదు.

అదే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ అయితే రాను పోను దాదాపు 0.6 ఓములు. రాత్రి కూడా 11.6 వోల్టులు అందుతాయి.


తొమ్మిదో పోర్టు

కెమెరాకు నెట్‌వర్క్ తీగ పెట్టే చోటు ఉంది కదా, దాన్ని వదిలేసి లావు తీగ ఎందుకు? ఒకే నెట్‌వర్క్ తీగలో కరెంటూ బొమ్మా రెండూ పంపే పద్ధతి ఉంది, పీఓఈ అంటారు. 2003లో వచ్చిన 802.3ఏఎఫ్ ప్రమాణం ప్రకారం పంపే వైపు 15.4 వాట్లు, 100 మీటర్ల తీగ తరువాత అందుకునే వైపు కనీసం 12.95 వాట్లు. మీకు కావలసింది 7.

దీని అందం వోల్టేజీలో ఉంది. తీగలో పారేది 48 వోల్టుల దరిదాపుల్లో ఉంటుంది. అదే 7 వాట్లకు 12 వోల్టుల దగ్గర 0.58 ఆంపియర్లు కావాలి, 48 దగ్గర దాదాపు 0.15 చాలు. ఆంపియర్లు నాలుగో వంతు అయితే తీగలో వేడిగా పోయే నష్టం పదహారో వంతు. మీ 22 మీటర్లలో పోయేది పావు వోల్టు చిల్లర, 48లో అది లెక్కలోకే రాదు. పైగా 48 వోల్టుల డీసీ మెయిన్స్ నుంచి వేరు చేసిన తక్కువ వోల్టేజీ కిందికే వస్తుంది.

ఇంకో మంచి గుణం. నెట్‌వర్క్ తీగలోకి కరెంటు ఎక్కించే పెట్టెను ఇంజెక్టర్ అంటారు. ప్రమాణం పాటించే ఇంజెక్టర్ తీగలోకి గుడ్డిగా కరెంటు తోసేయదు. ముందు చిన్న వోల్టేజీతో అవతల 25 కిలో ఓముల నిరోధం కనిపిస్తోందా అని తడిమి చూస్తుంది. కనిపిస్తేనే అసలు కరెంటు ఇస్తుంది. ప్యాసివ్ అని రాసి అమ్మేవి అలా కాదు, ఏదీ అడగకుండా 24 వోల్టులో 48 వోల్టులో తోసేస్తాయి. వాటితో పోర్టులు కాల్చుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని.

అయితే జాగ్రత్త: నెట్‌వర్క్ పోర్టు ఉన్నంత మాత్రాన మీ వైఫై కెమెరా పీఓఈ తీసుకుంటుందని కాదు. చీటీ మీద పీఓఈ అనో 802.3ఏఎఫ్ అనో ఉంటేనే నమ్మండి. లేకపోతే కెమెరా దగ్గర స్ప్లిటర్ అనే చిన్న పరికరం పెట్టాలి. అది 48ని 12 వోల్టులుగా మార్చి గుండ్రటి పిన్నుకు ఇస్తుంది, బొమ్మకు వేరే నెట్‌వర్క్ కొస ఇస్తుంది. 5 వోల్టులవీ 12 వోల్టులవీ చూడటానికి ఒకేలా ఉంటాయి, చూసి తీసుకోండి. పిన్ను కొలత కూడా: బయటి వ్యాసం 5.5 మిల్లీమీటర్లు ఒకటే, లోపలి రంధ్రం 2.1, 2.5 అని రెండు రకాలు. 2.1 కెమెరాలో 2.5 పిన్ను దూరుతుంది, కానీ వదులుగా ఉండి అప్పుడప్పుడు తగలక మళ్లీ మీ పాత రాత్రి కథే మొదలవుతుంది.

తీగ కొనేటప్పుడు పూర్తి రాగి అని ఖాయం చేసుకోండి. అల్యూమినియం మీద రాగి పూత వేసినవి చౌకగా వస్తాయి, నిరోధం రాగి కన్నా ఒకటిన్నర రెట్లకు పైనే, వంచితే విరుగుతాయి. తొడుగు బయట వాడే నల్లటి పాలిథీన్‌ది అయి ఉండాలి. ఇంటి లోపల వాడే పీవీసీ తొడుగు ఎండకు పెళుసుబారి పగులుతుంది.


ఎండపలక

ఇంత తవ్వకం దేనికండీ? సౌర పలక, బ్యాటరీ ఉన్న కెమెరా పెడితే తీగే ఉండదు, షాకే ఉండదు.


తొమ్మిదో పోర్టు

కదలిక కనిపించినప్పుడు మాత్రమే లేచి రికార్డు చేసే కెమెరాకు అది బాగానే సరిపోతుంది. వీరిది రోజంతా నడిచే 7 వాట్ల రకం. పగలు 12 గంటలు 3 వాట్లు, రాత్రి 12 గంటలు 7 వాట్లు అనుకున్నా రోజుకు 120 వాట్-గంటలు. నాలుగు రోజులు మబ్బు పట్టినా నడవాలంటే పలక, బ్యాటరీ ఎంతవి కావాలో మీరే ఊహించండి. గడ్డకట్టే చలి ఉన్న చోట ఇంకో ఇబ్బంది, సున్నా డిగ్రీల కింద లిథియం బ్యాటరీని చార్జ్ చేస్తే పాడవుతుంది.


గేటుకాపరి

వైర్‌మన్ గారూ, మీరు చెప్పినట్టే మెయిన్ ఆపి, హాల్లో ప్లగ్గు తీసేసి, అప్పుడు డబ్బా విప్పాను. అడుగున రెండు వేళ్ల ఎత్తు నీళ్లు. ఎక్స్‌టెన్షన్ సాకెట్ సగం అందులోనే మునిగి ఉంది. ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ నల్లగా మాడింది, ఇత్తడి ముక్కల మీద పచ్చటి చిలుము. అడాప్టర్ వెనక చీమలు గుడ్లు పెట్టుకున్నాయి. నిజం చెప్పాలంటే చేతులు వణికాయి. మా అమ్మాయి రోజూ ఆ గొళ్లెం తీసుకునే బడికి వెళ్తుంది.

నీళ్లు ఎలా వచ్చాయో కూడా అర్థమైంది. ఎక్స్‌టెన్షన్ తీగ గోడ పై నుంచి కిందికి దిగి డబ్బా మూతలోంచి లోపలికి వెళ్లింది. వాన నీళ్లు తీగ పట్టుకునే దిగాయి.

బోర్డులో టెస్ట్ బొత్తాం ఉన్నది ఏదీ లేదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను, రేపు వస్తానన్నారు.

పాత టెలిఫోన్ తీగ ఇంకా గోడకే ఉంది, దానితో ఒక పరీక్ష చేశాను. హాల్లో కొత్త సాకెట్‌కు అడాప్టర్ పెట్టి, కెమెరా దగ్గర మీటరుతో కొలిచాను. పగలు 10.9 వోల్టులు. రాత్రి దీపాలు వెలిగిన క్షణంలో 9.3 చూపించి కెమెరా ఆరిపోయింది. టంకం డబ్బీ గారి లెక్కకు దండం.

కెమెరా చీటీ మీద పీఓఈ అని లేదు, కాబట్టి ఇంజెక్టర్, 12 వోల్టుల స్ప్లిటర్ తీసుకుంటున్నాను. స్ప్లిటర్‌ను ఎక్కడ పెట్టాలి? మళ్లీ అదే డబ్బాలోనా? మళ్లీ నీళ్లు వస్తే?


పాత వైర్‌మన్

మాడిన పిన్ను చూశారు కదా. ఆ తీగా ఆ సాకెట్టూ అడాప్టరూ మూడూ ఎండబెట్టి మళ్లీ వాడాలన్న ఆలోచన మనసులోకి రానివ్వకండి. తీగను మధ్యకు కోసి పారేయండి, ఇంకొకరు ఏరుకుని వాడకుండా.

స్ప్లిటర్ కెమెరా దగ్గరే ఉండాలి. డబ్బా మార్చండి. బయట వాడటానికి ఐపీ 65 అని రాసిన జంక్షన్ బాక్సు తీసుకోండి. ఆ అంకెల్లో మొదటిది దుమ్ముకు, రెండోది నీళ్లకు. 6 అంటే దుమ్ము అసలు దూరదు, 5 అంటే గొట్టంతో నీళ్లు చిమ్మినా పనికి చెడు జరగదు. మీ అడాప్టర్ మీద ఏ ఐపీ అంకే లేకపోతే అది ఇంట్లో మాత్రమే ఉండాల్సిందని అర్థం. బాక్సు మీద అంత పెద్ద అంకె ఉన్నా మీరు తీగ కోసం పెద్ద రంధ్రం చేసి వదిలేస్తే ఆ అంకె గాలికి పోయినట్టే. తీగ మందానికి సరిపోయే గ్లాండ్, అంటే తీగ దూరే రంధ్రానికి బిగించే రబ్బరు ఉన్న మర, పెట్టాలి, ఆ రబ్బరు తీగను గట్టిగా పట్టుకోవాలి.

గ్లాండ్లన్నీ బాక్సు అడుగు వైపే. పైన ఒక్క రంధ్రం కూడా వద్దు. తీగ గోడ పై నుంచి దిగుతుంది కదా, నేరుగా బాక్సులోకి ఎక్కించకండి. బాక్సు కన్నా జానెడు కిందికి జారనిచ్చి, ఉయ్యాల తాడులా వంచి, కింద నుంచి పైకి బాక్సులోకి రానివ్వండి. తీగ వెంట దిగిన చుక్క ఆ వంపు అడుగున ఆగి నేల మీద పడుతుంది, పైకి ఎక్కదు. ఈ వంపుకు ఖర్చు అరమీటరు తీగ. మీ డబ్బాలో నీళ్లు నిండింది అది లేకనే. అడుగున 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి చేసి, చీమలు రాకుండా సన్నటి జాలీ ముక్క అతికించండి. ఇది చేస్తే ఐపీ 65 పోతుంది కదా అని ఎవరో ఒకరు అంటారు. కాగితం మీద పోతుంది. కానీ లోపల ఉన్నది ఇప్పుడు మెయిన్స్ కాదు, 48 వోల్టులు, నాకు ఎండిన బాక్సే కావాలి.

ఇంటి గోడకు రంధ్రం చేసేటప్పుడు లోపల ఎత్తు, బయట పల్లం ఉండేలా వాలుగా కొట్టండి. అంతకు ముందు ఆ చోట గోడలో దాచిన తీగలు లేవని చూసుకోండి. స్విచ్‌బోర్డుకు సూటిగా పైనా కిందా పక్కలా డ్రిల్లు పెట్టడం అంటే కొరివితో తల గోక్కోవడమే. కిటికీ సందు మాట మళ్లీ ఎత్తవద్దు. రెక్క మూసిన ప్రతిసారీ తీగ నలుగుతుంది, ఒకనాడు తొడుగు తెగుతుంది.

నెట్‌వర్క్ తీగను మెయిన్స్ తీగలున్న పైపులో వేయకండి, విడిగా ఒక పైపు. కెమెరా తోక కొసలను బయట వేలాడనివ్వకుండా బాక్సులోకే తెచ్చుకోండి. డీసీ కొసలు తడిస్తే ఏసీ కన్నా త్వరగా చెడతాయి, ఎప్పుడూ ఒకే వైపు పారే కరెంటు కాబట్టి ధన కొస వైపు లోహాన్ని నీళ్లు తినేస్తూ పోతాయి. కనెక్టరులో కొంచెం సిలికాన్ గ్రీజు పెట్టండి. కొసను తప్పనిసరిగా బయటే ఉంచాల్సి వస్తే తనకు తానే అతుక్కునే రబ్బరు టేపును సాగదీసి చుట్టండి. మామూలు ఇన్సులేషన్ టేపు రెండు ఎండాకాలాలకు జిగురు కారి ఊడుతుంది, మీరు కవరు మీద వేసింది కూడా ఊడే ఉంటుంది, చూడండి.

ఇంజెక్టర్ ఇంట్లో, రూటరు పక్కన, పొడి చోట. అక్కడ ఒక సంగతి. మీరు కొనే ఆర్‌సీసీబీ ఇంజెక్టర్ దాకా కాపలా కాస్తుంది, దాని తరువాత తీగలో ఏమి జరిగినా దానికి తెలియదు, ఎందుకంటే లోపల ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైపులనూ విడదీస్తుంది. అది లోపం కాదు. గేటు దాకా తక్కువ వోల్టేజీ మాత్రమే వెళ్లాలని నేను పట్టుబట్టేది దానికే.

పిడుగుల సంగతి కూడా అడుగుతారు. గేటు దాకా వెళ్లిన పొడవాటి తీగ దూరంలో పడిన పిడుగుకు కూడా వోల్టేజీ పట్టుకుంటుంది. తీగ ఇంట్లోకి వచ్చే చోట నెట్‌వర్క్ సర్జ్ నిరోధకం (హఠాత్తుగా ఎగబాకే వోల్టేజీని నేలకు మళ్లించేది) పెట్టి, దాని ఆకుపచ్చ తీగను ఇంటి ఎర్తింగ్‌కు కలపాలి. కలపకపోతే అది అలంకారం. మీద పడిన పిడుగును ఏదీ ఆపదు.


గొడుగు పిడి

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నాది 5 వోల్టుల యూఎస్‌బీ కెమెరా, 10 మీటర్ల యూఎస్‌బీ తీగ కొంటే చాలా? లేక వరండా బల్బు హోల్డరుకు తగిలించే సాకెట్ ఒకటి దొరుకుతోంది, అది నయమా?


టంకం డబ్బీ

5 వోల్టులు గేటుకాపరి గారి 12 కన్నా మొండి ఘటం. పొడవాటి యూఎస్‌బీ తీగల్లో కరెంటు పోగులు చాలాసార్లు 28 గేజీవి ఉంటాయి (గేజీ అంకె పెరిగేకొద్దీ పోగు సన్నం), మీటరుకు 0.21 ఓములు. 10 మీటర్లు రాను పోను 4 ఓములకు పైన. అర ఆంపియరుకే 2 వోల్టులు పోతాయి, 5లో మిగిలేది 3. కరెంటు పోగులు 20 గేజీ ఉన్న తీగ అయితే అర ఆంపియరుకు 0.3 వోల్టుల దగ్గర ఆగుతుంది. లేదా 5 వోల్టుల స్ప్లిటర్‌తో పీఓఈ.


పాత వైర్‌మన్

బల్బు హోల్డరు వద్దు. ఆ హోల్డర్లకు చాలా వరకు ఎర్తింగ్ ఉండదు, బరువు మోయడానికి చేసినవి కావు, వాన జల్లు తగిలే వరండాలో సాకెట్ తెరిచి పెట్టినట్టు. పైగా ఎవరైనా అలవాటుగా లైటు ఆపితే కెమెరా కూడా ఆగుతుంది. దొంగకు కూడా ఆ స్విచ్చు అందుతుంది.


గేటుకాపరి

మూడు వారాల తరువాత వస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి.

ఆర్‌సీసీబీ పెట్టించాను. పెట్టిన రోజే అది పడింది! గేటు వైపు తీగ ఏదీ లేదు, అయినా పడింది. ఎలక్ట్రీషియన్ ఒక్కొక్కటే విడదీసి చూస్తే స్నానాల గదిలోని నీళ్ల హీటరు కాయిల్ నుంచి కరెంటు లీకవుతోందట. అది కూడా మార్చాం. కెమెరా కోసం మొదలుపెట్టిన పని అక్కడ తేలింది.

ఇంజెక్టరునూ రూటరునూ ఒకే యూపీఎస్ మీద పెట్టాను, కరెంటు పోయినా రెండు గంటలకు పైగా నడుస్తున్నాయి. బాక్సు దగ్గర 12 వోల్టుల కొసను కొలిచాను: పగలు 12.1, రాత్రి దీపాలు వెలిగాక 12.0. వంపు వేశాను. నిన్న మళ్లీ రాత్రంతా వాన. పొద్దున ముందు నేనే వెళ్లి, చేతి వెనక భాగంతో, భయపడుతూ గొళ్లెం తాకాను. ఏమీ లేదు. బాక్సు విప్పితే అడుగున జాలీ మీద ఒక్క చుక్క, పక్కన ఒక చీమ.


పాత వైర్‌మన్

చేతి వెనక భాగంతో తాకడం ఎవరు నేర్పారండీ? గేటుకూ ఎర్తుకూ మధ్య మీటరు పెట్టి ఏసీలో చూడండి, చేయి పరికరం కాదు. చీమ వచ్చిందంటే జాలీ అంచు ఎక్కడో లేచింది, మళ్లీ అతికించండి.